ఎదురుకుర్చీ మామయ్య

మా మామయ్య సినిమాకు వెళ్తే సినిమా చూడడు. సినిమా చూసేవాళ్ళను చూస్తాడు.

ఇదేదో మాటవరసకు అనడం లేదు. హాల్లో అందరి కుర్చీలూ తెర వైపు ఉంటే ఆయన కుర్చీ ఒక్కటే జనం వైపు ఉంటుంది. తెర కింద ఎడమ మూలన, తెరకు వీపు పెట్టి, ఒళ్ళో నోటుపుస్తకంతో, చెవి వెనక పెన్సిలుతో కూర్చుంటాడు. ఆయన వీపు వెనక యుద్ధాలు జరుగుతాయి, పెళ్ళిళ్ళు తప్పిపోతాయి, మేడలు కాలిపోతాయి. ఆయన మాత్రం తల తిప్పడు. ఒకసారి తెర మీద రైలు పట్టాలు తప్పి ఢామ్మని పేలితే హాలంతా ఉలిక్కిపడింది. మామయ్య తాపీగా పెన్సిలు మొన నాలుకకు అద్దుకుని, "ఉలిక్కిపడినవాళ్ళు యాభై ఇద్దరు, నిద్ర లేచినవాళ్ళు నలుగురు" అని రాసుకున్నాడు.

ఊళ్ళో ఆయన పేరు ఎదురుకుర్చీ. ఆయనకో కళ్ళజోళ్ళ షాపు ఉంది. కళ్ళజోళ్ళ షాపు ఎక్కడండీ అంటే జనం బుర్ర గోక్కుంటారు. ఎదురుకుర్చీ షాపు అంటే వేలు పెట్టి చూపిస్తారు.

ఈ జబ్బు ఎప్పుడు మొదలైందో అత్తయ్య చెప్తుంది. ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చెప్తున్నట్టే చెప్తుంది.

"పెళ్ళయిన కొత్తలో నన్ను సినిమాకు తీసుకెళ్ళారే. మూడు గంటలూ నన్నే చూస్తూ కూర్చున్నారు. రెప్ప కూడా వెయ్యలేదు. ఎంత ప్రేమో అని నేను కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే కరిగిపోయాను. బయటికొచ్చాక చెయ్యి పట్టుకుని ఏమన్నారో తెలుసా? 'రెండో పాటలో మూడుసార్లు ఆవలించావు. నీ తప్పు కాదులే, పాటదే తప్పు' అన్నారు."

లోపల అద్దాలు సానపట్టే మిషను దగ్గర్నుంచి మామయ్య గొంతు వినిపిస్తుంది. "మూడు కాదు, నాలుగు."

నేను పనిచేసే లైబ్రరీ మేడ మీద ఎనభై కుర్చీల హాలు ఒకటుంది. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అందులో పాత సినిమా వేస్తాం. ఇరవై రెండేళ్ళ కిందట కాళ్ళరిగేలా తిరిగి ఈ ఆట మొదలుపెట్టించింది మామయ్యే. హాలు తాళంచెవి, ముసలి ప్రొజెక్టరు, దానికన్నా మొండివాడైన మామయ్య, ఈ మూడూ లైబ్రరీలో నా బాధ్యతలు.

ఆయన తేల్చదలచుకున్నది ఒక్కటే. పాత సినిమా ఇప్పటివాళ్ళ ముందు నిలబడుతుందా, కూలబడుతుందా?

"అది పేపర్లో రాసేవాళ్ళు తేల్చలేరే," అంటాడు. "వాళ్ళు తెర చూస్తారు. సినిమా తెర మీద ఉండదు, ముఖాల మీద ఉంటుంది. నువ్వే చూడు, తెర మీద పడ్డ వెలుగంతా తిరిగి ఎక్కడికొస్తుంది? ముఖాల మీదికేగా!"

కొత్తగా వచ్చినవాళ్ళు మొదట బెదిరిపోతారు. చీకట్లో ఎవరో మనిషి కళ్ళార్పకుండా మన వైపే చూస్తూ ఏదో రాసుకుంటుంటే ఎవరు మాత్రం స్థిమితంగా కూర్చుంటారు? ఒకసారి వెనక వరసలో ఒక అబ్బాయీ అమ్మాయీ భుజం భుజం ఆనించి కూర్చున్నారు. పావుగంటకల్లా అబ్బాయి లేచి గబగబా మామయ్య దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. "అంకుల్, వాళ్ళ నాన్న పంపారా మిమ్మల్ని? ఒట్టు, మేం సినిమాకే వచ్చాం."

"సినిమాకే వస్తే సినిమా చూడు నాయనా. ఇప్పటిదాకా ఒక్కసారీ తెర వైపు చూడలేదు. నీ వల్ల నా లెక్క తప్పుతోంది," అన్నాడు మామయ్య.

ఇంకో చిత్రమేమిటంటే, అన్ని సినిమాలకు వెళ్ళిన మనిషికి ఒక్క సినిమా కథా తెలియదు. సెలూన్ నడిపే ఆయన ఒకరు మా ఆదివారాల పాత కాపు. ఏ సినిమా అయినా డైలాగులతో సహా అప్పజెప్తాడు. ఆట అయ్యాక ఆయనకూ మామయ్యకూ మెట్ల మీద ప్రతివారం ఇదే గొడవ.

"చివర్లో హీరో చనిపోవడం నాకు నచ్చలేదు గురువుగారూ. మీరేమంటారు?"

"హీరో చనిపోయాడా? పాపం! నాకు తెలియదే. నాలుగో వరసలో మాత్రం ఇద్దరికి దాదాపు ప్రాణం మీదికొచ్చింది."

"అసలు మీరు సినిమా చూశారా?"

"నువ్వు చూడటం చూశాను. చాలదూ?"

నా సంగతి కూడా దాచకుండా చెప్తాను. నాకు పాత సినిమాలంటే పడేది కాదు. ప్రొజెక్టరు ఆన్ చేసి చివరి వరసలో కూర్చునేదాన్ని. పది నిమిషాల్లో విసుగొచ్చేది. "అన్నీ మసక మసక మామయ్యా. ముఖాలన్నీ అలికేసినట్టుంటాయి. ఎవరు ఏడుస్తున్నారో ఎవరు నవ్వుతున్నారో తెలిసి చావదు. పైగా ఒక్క చూపు చూడటానికి నిమిషం తీసుకుంటారు. నా ఫోన్లో కొత్త సినిమాలు చూడు, వెంట్రుకతో సహా కనబడుతుంది," అనేదాన్ని. మామయ్య ఎప్పుడూ వాదించేవాడు కాదు. నా వంక కాసేపు చూసి, ఏదో అడగబోయి ఊరుకునేవాడు.

ఇలా ఉండగా లైబ్రరీకి కొత్త అధికారి వచ్చింది. చురుకైన మనిషి, చెడ్డది కాదు. రిజిస్టర్లన్నీ చూసి నన్ను గదికి పిలిచింది.

"ఆదివారం హాల్లో సగటున ఇరవై ఆరుగురు. అందులో సగం మంది నిద్రకు వస్తున్నారని వాచ్‌మన్ చెప్తున్నాడు. ఆ టైములో పిల్లలకు కంప్యూటర్ క్లాసు పెడదామండి. పాత సినిమాలు ఈ కాలంవాళ్ళకు ఎక్కవు. మీకు మాత్రం ఎక్కుతున్నాయా?"

ఆమె అన్నది నా మనసులో మాటే. కానీ మామయ్య ముఖం కళ్ళ ముందు మెదిలి, "ఒక్క అవకాశం ఇవ్వండి మేడమ్," అన్నాను.

"సరే. వచ్చే ఆదివారం కాలేజీ పిల్లల్ని పిలుద్దాం. ఆఖరిదాకా కూర్చుంటే చూద్దాం. సగంలో లేచిపోతే మాత్రం ఇక నన్ను అడగొద్దు."

సంగతి వినగానే మామయ్య షాపు షట్టరు సగం దించి, బీరువాలోంచి నోటుపుస్తకాలన్నీ బయటికి తీశాడు. ముప్ఫై ఒకటి. నేల మీద పరుచుకుని, ముక్కు మీదికి కళ్ళజోడు దించుకుని, రెండు రోజులు వెతికాడు. సెలూన్ ఆయన వచ్చి పెద్ద పేరున్న ఏడుపు సినిమాలు నాలుగు చెప్పాడు. మామయ్య నాలుగింటికీ తల అడ్డంగా ఊపాడు.

"అవి గొప్పవని అందరూ ముందే చెప్పేశారు కనక గౌరవంగా కూర్చుంటారు. గౌరవంగా కూర్చోవడం చూడటం కాదు." చివరికి ఒక పేజీ మీద వేలు పెట్టాడు. సర్కస్ కథ. బల్లకు ఆనుకుని భార్య నిలబడితే ఆమె చుట్టూ కత్తులు విసిరే మనిషి కథ. పెద్దగా ఎవరికీ గుర్తులేని సినిమా. "ఇది నాలుగుసార్లు వేశాం. గంటా పదకొండో నిమిషంలో, నాలుగుసార్లూ, హాల్లో ఒక్కరు కూడా దగ్గలేదు."

"అక్కడ ఏమవుతుంది మామయ్యా?"

"నాకేం తెలుసే? నేను చూడలేదుగా!"

ఆదివారం వచ్చింది. కాలేజీ పిల్లలు నలభై మంది దాకా వచ్చారు. అధికారి ముందు వరసలో కూర్చుంది. మామయ్య రాతల్ని పూర్తిగా నమ్మలేక, పక్కన సాక్షిగా నన్నూ కూర్చోమంది. అలా మామయ్య పక్కన రెండో ఎదురుకుర్చీ పడింది. ఇన్నేళ్ళలో నేను జనం వైపు తిరిగి కూర్చోవడం అదే మొదలు.

మొదటి అరగంట ఘోరం. పిల్లలు నవ్వకూడని చోట పగలబడి నవ్వారు. హీరో గొంతు వణికిస్తే నవ్వారు, ఏనుగు మీద పాట వస్తే నవ్వారు. ఫోన్ల వెలుగులు అక్కడొకటి ఇక్కడొకటి మిణుకుమన్నాయి. నేను అధికారి వైపు చూడటం మానేశాను. మామయ్య మాత్రం గీతలు గీసుకుంటూ, "నవ్వనీ. గొంతు అంత వణికిస్తే నేనైనా నవ్వుతాను," అని గొణిగాడు.

తరవాత మా వీపు వెనక ఫట్‌మని చెంపదెబ్బ వినిపించింది. వెంటనే బాకా ఒకటి 'వా వా వా' అని వెక్కిరించినట్టు మోగింది. మాటల్ని బట్టి, కత్తులవాడు అందరి ముందూ భార్యను కొట్టాడు. తీసినవాళ్ళ లెక్కలో అది తమాషా. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. రెండో వరసలో ఒకమ్మాయి ముఖం గట్టిపడింది. మరొకమ్మాయి సంచి తీసుకుని లేచి వెళ్ళిపోయింది. మామయ్య పుస్తకంలో ఏదో రాసి, దాని కింద రెండు గీతలు కొట్టాడు.

గంటా పదకొండో నిమిషం.

వెనక డప్పు ఆగిపోయింది. పాట లేదు, మాట లేదు. నా వీపు వెనక ఏం జరుగుతోందో నాకు తెలియదు. ముందు వరసల ముఖాలు మాత్రం కనబడుతున్నాయి. ఒక్కొక్క ఫోనూ ఆరిపోయింది. ఇందాక అందరికన్నా ఎక్కువ అల్లరి చేసిన కుర్రాడు నోరు కొంచెం తెరుచుకుని, పక్కవాడి చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. అధికారి చేతిలో కాగితం సగం మడతలో ఆగిపోయింది. తెల్లటి వెలుగు ఆ ముఖాల మీద కదలకుండా నిలిచింది. ఎంతసేపో చెప్పలేను. తరవాత కత్తి వెళ్ళి చెక్కలో దిగిన చప్పుడు 'ఠక్' మని వినిపించింది. నలభై మందీ ఒక్కసారి ఊపిరి వదిలారు. అది గాలిలా వచ్చి నా ముఖానికి తగిలింది.

నేను మామయ్య చెయ్యి పట్టుకున్నాను. "మామయ్యా, ఏం చూపించారక్కడ?"

"ఉష్! రాసుకోనీ."

ఆట అయ్యాక లైట్లు వేసి, అధికారి పిల్లల్ని సూటిగా అడిగింది. "చెప్పండి. ఈ సినిమా ఇప్పటికీ నిలబడుతుందా?"

ముఖం గట్టిపడిన అమ్మాయి లేచింది. "ఆ చెంపదెబ్బ చూస్తే ఒళ్ళు మండింది మేడమ్. దానికి ఆ కామెడీ మ్యూజిక్ ఒకటా? ఛీ అనిపించింది. కానీ తర్వాత కత్తుల సీన్లో ఆవిడ బల్లకు ఆనుకుని అతని వైపు చూస్తుంది చూశారూ, అందులో ఆ దెబ్బ ఉంది. మర్చిపోలేదు ఆవిడ. అతనికి చేతులు వణికితే, గడ్డం ఎత్తి 'వెయ్యి' అన్నట్టు చూస్తుంది. డైరెక్టర్ ఆ దెబ్బని జోకనుకున్నాడేమో. ఆ నటి మాత్రం అనుకోలేదు."

మామయ్య మెల్లిగా లేచి నిలబడ్డాడు. కథ మొదటిసారి విన్న పిల్లవాడిలా ఉంది ముఖం.

"అమ్మా, ఇరవై ఏళ్ళ కిందట ఇదే హాల్లో ఆ దెబ్బకు చప్పట్లు పడ్డాయి. పదేళ్ళ కిందట సగం మంది నవ్వారు. ఇవాళ ఒక్కరూ నవ్వలేదు. సినిమా అదే, ఒక్క ముక్క మారలేదు. మీరు మారారు. చప్పట్లు కొట్టినవాళ్ళు ఆవిడ చూపుకు ఊపిరి బిగబట్టారు గానీ, ఎందుకో వాళ్ళకు తెలియలేదు. నువ్వు చెప్పావు. పాతదాన్ని కొత్తవాళ్ళే సరిగ్గా చూస్తారేమో."

అధికారి చేతిలో కాగితం మడిచి పక్కన పెట్టింది. తరవాత నాతో అంది. "ఆ పుస్తకాలు నాకు కావాలండి. ఏ సీనుకు ఎప్పుడు ఎవరు నవ్వారో ఇరవై రెండేళ్ళు రాసినవాళ్ళు ఇంకెవరుంటారు? శుభ్రంగా టైపు చేసి ఇవ్వండి, పైవాళ్ళకు పంపుతాను. ఆదివారం ఆట ఆపను."

ఆ మాటకు మామయ్య సంతోషించాలి. కంగారుపడ్డాడు. "పుస్తకాలెందుకులెండి, నేను నోటితో చెప్తాగా," అన్నాడు. ఇవ్వనన్నాడు. అత్తయ్యే సంచిలో వేసి నా చేతికిచ్చింది.

ఇంటికి తెచ్చి టైపు చేయడం మొదలుపెట్టాక ఆ కంగారు ఎందుకో తెలిసింది. ప్రతి పుస్తకంలోనూ ఎడమ పేజీ సినిమాది. ఎవరు నవ్వారు, ఎక్కడ నవ్వారు, ఎక్కడ కదిలారు. కుడి పేజీలో సినిమా లేదు. వరస నంబరు, కుర్చీ నంబరు, అందులో కూర్చున్న మనిషి.

"4-6. పక్కవాడు నవ్వాక నవ్వుతున్నాడు. తెర కనబడటం లేదు. బస్సు డ్రైవరట! రేపే కళ్ళజోడు ఇవ్వాలి." కింద తరవాతెప్పుడో పెన్నుతో: "ఇచ్చాను. ఎవరో ఆర్డరిచ్చి తీసుకెళ్ళలేదు, నీ ముక్కుకు సరిపోతుందేమో చూడన్నాను. నమ్మాడు."

"2-3. తల ఎడమకు వంచి చూస్తోంది. కుడి కంట్లో పొర. ఆపరేషనంటే భయం. కబుర్లు చెప్తూ ఆసుపత్రి దాకా తీసుకెళ్ళాను. లోపలికెళ్ళాక తిట్టింది. బయటికొచ్చాక తిట్టలేదు."

"6-1. సినిమా చెత్త అని తిట్టి వెళ్ళాడు. చెత్త సినిమా కాదు, చూపు. వచ్చే వారం టైటిల్సు చదివి పెట్టమని అడగాలి."

పేజీల నిండా ఇవే. నా వీధిలో సగం ముఖాలు ఆ కుడి పేజీల్లో ఉన్నాయి. ఎవరో తీసుకెళ్ళని కళ్ళజోళ్ళు ఊరంతా తిరుగుతున్నాయి.

చివరి వరస చివరి కుర్చీ మాత్రం ఇటీవలి పుస్తకాల్లో ఏది తెరిచినా ఉంది.

"10-8. మేనకోడలు. మసకగా ఉందంటోంది. ప్రింటు బాగానే ఉంది." "10-8. వంకపెట్టి షాపులో అక్షరాల చార్టు చదివించాను. గడగడా చదివింది. అనుమానమొచ్చి చార్టు గోడ వైపు తిప్పేసి అడిగాను. అప్పుడూ గడగడా చదివింది. చిన్నప్పుడు షాపులో ఆడుకుంటూ బట్టీపట్టింది." "10-8. కొత్త చార్టు తెప్పించాను. చదవమంటే పనుందంది." "10-8. వాళ్ళమ్మ మొండితనమే. ఎలా చెప్పాలి?"

మొదటి రాత పదకొండేళ్ళ కిందటిది.

పొద్దున్నే షాపుకు వెళ్ళాను. మామయ్య చిన్న స్క్రూడ్రైవరుతో ఎవరి కళ్ళజోడుకో కాడ బిగిస్తున్నాడు. నన్ను చూసి ఇంకా గట్టిగా బిగించాడు.

"పదకొండేళ్ళా మామయ్యా? ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్తే ఒప్పుకునేదానివా? కళ్ళజోళ్ళ షాపువాడి మేనకోడల్ని, నాకు చూపేంటి అనేదానివి." స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. "నా కళ్ళు ఆనడం లేదని ఎవరూ అనరే. సినిమా బాగోలేదంటారు. అదే సుఖం. అందుకే రెండు పేజీలు. తప్పు సినిమాదా, చూపుదా తేలకుండా పాత సినిమాను ఉరితీయకూడదు కదా! చూపు సరిచేశాక కూడా బాగోలేదంటే, అప్పుడు సినిమాదే తప్పు."

"అత్తయ్యకు తెలుసా?"

"తెలియదు. చెప్పకు."

"ఫ్రేములు ఎంచి పెట్టేది ఎవరనుకుంటున్నారు?" లోపల్నుంచి అత్తయ్య వచ్చింది. "ఈయనకు వదిలేస్తే అందరికీ ఒకటే గుండ్రాలు. ఎవరూ తీసుకెళ్ళని ఫ్రేములన్నీ నేను ముఖాలు చూసి ఎంచినవే." సొరుగు లాగి ఒక పెట్టె నా ముందు పెట్టింది. "ఇది నీది. ఆరేళ్ళయింది తెచ్చి పెట్టి. ఇప్పుడు ఫ్యాషన్ కాదు మరి."

"పాతదైతేనేం? నిలబడుతుందిలే," అన్నాడు మామయ్య, కొత్త చార్టు గోడకు తగిలిస్తూ. ఈసారి మూడో వరస అక్షరాల దగ్గరే ఆగిపోయాను.

పిల్లలు స్నేహితుల్ని తీసుకొస్తామని పట్టుబట్టడంతో మరుసటి ఆదివారం మళ్ళీ ఆ సర్కస్ సినిమానే వేశాం. నేను నా చివరి వరసలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నాను. గుడారానికి అతుకులున్నాయి. బల్ల మీద పాత కత్తిగాట్లున్నాయి. గంటా పదకొండో నిమిషంలో ఆవిడ గడ్డం ఎత్తడానికి ముందు కింది పెదవి ఒక్కసారి అదిరి ఆగింది. ఆ ఒక్క చూపుకు నిమిషం ఎందుకు పట్టిందో అప్పుడు తెలిసింది. నాకైతే ఆ నిమిషం చాలలేదు.

జనమంతా వెళ్ళాక మామయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన పెన్సిలు పట్టుకుని పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లాడిలా చూస్తున్నాడు.

"ఎలా ఉందే?"

"కత్తుల సీను అద్భుతం మామయ్యా. కానీ ఆ ఏనుగు మీద పాట ఉంది చూశావూ, అది మాత్రం భరించలేం. ఇప్పుడు స్పష్టంగా చూశాను. ఏనుగు కూడా సిగ్గుపడుతోంది."

మామయ్య ముఖం విప్పారింది. ఇంతకన్నా మంచి మాట నేనెప్పుడూ చెప్పలేదన్నట్టు తల ఊపుతూ, పుస్తకం తెరిచి, పెన్సిలు నాలుకకు అద్దుకుని రాశాడు. "మేనకోడలు: ఏనుగు పాట బాగోలేదు. నిజమే అయ్యుంటుంది."

రాసింది ఎడమ పేజీలో.